లక్సర్‌లో రాత్రి భోజనం: పడవ మీదా, గట్టు మీదా?

గంటస్తంభం సెంటర్ (విజయనగరం) అడిగింది:

కనుమ అయిన మర్నాడు ఈజిప్టు బయల్దేరుతున్నాం. లక్సర్‌లో మూడు రాత్రులు. మూడో రోజు మధ్యాహ్నం ఆస్వాన్ వెళ్ళే క్రూజ్ ఎక్కాలి, ఆ రాత్రి ఓడ లక్సర్‌లోనే ఆగి ఉంటుందట. ఆరుగురం: అమ్మ, నాన్నగారు, అత్తయ్య, మేమిద్దరం, పన్నెండేళ్ళ బాబు. అమ్మా అత్తయ్యా గుడ్డు కూడా ముట్టరు. నాన్నగారు కోడి, చేప తింటారు కానీ గొడ్డుమాంసం తగిలిన గిన్నె కూడా వద్దంటారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అత్తయ్యకి సుగర్. ఇంట్లో ఎనిమిదింటికల్లా భోజనాలైపోతాయి.

ఏజెంటు ఫెలూకా అనే తెరచాప పడవ మీద సూర్యాస్తమయం, భోజనం కలిపి ప్యాకేజీ అంటున్నాడు. లేదంటే నది కనిపించే మేడమీద రెస్టారెంట్. కర్నాక్ గుడిలో రాత్రి వేసే లైటు షో కూడా చూడాలని ఉంది. ఏ సాయంత్రం ఏది పెట్టుకోవాలి? ఆడవాళ్ళకి తిండి దొరుకుతుందా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

ఫెలూకా ఎక్కండి, భోజనం మాత్రం దాని మీద వద్దు. అందులో వంటగది ఉండదు, మరుగుదొడ్డి ఉండదు. భోజనమని ఇచ్చేది ఎక్కడో వండి డబ్బాలో తెచ్చిందే, జనవరి చలిలో పది నిమిషాల్లో చల్లారిపోతుంది. పగలు ఇరవై రెండు, ఇరవై మూడు డిగ్రీలు ఉన్నా పొద్దు గుంకితే జారిపోతుంది, తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి వస్తుంది. నీటి మీద గాలి కూడా తోడవుతుంది. శాలువాలు తప్పనిసరి. టీ, అరటిపళ్ళు చాలు.

గాలి సంగతి తెలిస్తే పడవవాడితో మాట్లాడటం తేలిక. నైలు ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. అంటే దక్షిణానికి, అరటితోటలుండే బనానా ఐలాండ్ వైపు, ఎదురు ప్రవాహంలో తెరచాప మీద పోతారు, తిరిగొచ్చేటప్పుడు ప్రవాహమే తెస్తుంది. గాలి పడిపోతే పైకి పోవడమే కుదరదు. అప్పుడు ఒడ్డు పక్కనే తిప్పి గంట అయిందంటారు, లేదా మోటారు పడవతో లాగించి దానికి వేరే డబ్బు అడుగుతారు. ఆ మాట ఎక్కే ముందే తేల్చుకోండి.

మీరు వెళ్ళే రోజుల్లో సూర్యాస్తమయం సుమారు 5:20కి. నాలుగింటికి ఎక్కితే సరిగ్గా సరిపోతుంది. బేరం మనిషికి కాదు, పడవకి, గంటల లెక్కన. ‘పౌండ్లు’ అన్నప్పుడల్లా ‘ఈజిప్షియన్ పౌండ్లు’ అని గట్టిగా అనిపించుకోండి. దిగాక ‘నేనన్నది ఇంగ్లండు పౌండ్లు’ అనే పాత ఎత్తు అక్కడ ఇంకా నడుస్తోంది.

అమ్మగారి విషయం: గట్టు నుంచి మెట్లు దిగి, సన్నటి పలక మీద నడిచి ఎక్కాలి. రెండు పక్కలా మనిషి పట్టుకుంటే ఫరవాలేదు. చీకటి పడ్డాక దిగడమే కష్టం, అందుకే వెలుగుండగానే ఒడ్డుకు తెమ్మనండి.

తోటపల్లి కాలువ (గరుగుబిల్లి వైపు):

పై ఆయన మాటకి ఒకటి కలుపుతాను. మేడమీద రెస్టారెంట్ అంటే ఏ ఒడ్డున అని అడగాలి. ఊరు, లక్సర్ గుడి, కర్నాక్ ఉన్నది తూర్పు ఒడ్డు. రాజుల లోయ, హత్‌షెప్సుత్ గుడి ఉన్నది పడమటి ఒడ్డు. పొద్దు పడమటి కొండల వెనక్కి దిగుతుంది కాబట్టి నది మీద సూర్యాస్తమయం చూడాలంటే తూర్పు గట్టు. చీకటి పడ్డాక దీపాలు వేసిన లక్సర్ గుడిని నీటికి అవతల నుంచి చూస్తూ తినాలంటే పడమటి గట్టు. ఏజెంట్లు ‘రివర్ వ్యూ’ అని ఊరుకుంటారు, రెండూ ఒకచోటే దొరకవు.

దాటడానికి గుడి ఎదురుగానే జనం ఎక్కే ఫెర్రీ ఉంది. టికెట్టు చిల్లర డబ్బుతో అయిపోతుంది. ప్రైవేటు మోటారు బోటువాళ్ళు ‘ఫెర్రీ లేదు’ అని ఆపుతారు, పట్టించుకోకండి. అవతల దిగగానే గెజీరా పల్లె, రేవు దగ్గరే మేడమీద హోటళ్ళు. లిఫ్టు అరుదు, మూడంతస్తులు ఎక్కాల్సి రావచ్చు. కింద తోటలో బల్లలున్న చోటు అడగండి.

లక్సర్ గుడి చీకటి పడ్డాక కూడా తెరిచి ఉంటుంది, దీపాల వెలుగులో చెక్కడాలు పగటికంటే బాగా తేలతాయి. మొదటి సాయంత్రం అది చూసి, నడిచిపోయేంత దూరంలోనే తినేయండి. చివరి టికెట్టు వేళ పొద్దున్నే హోటల్లో కనుక్కోండి. 2021 నవంబరులో తెరిచిన సింహికల (స్ఫింక్స్ విగ్రహాల) బాట గుడి ముందు నుంచి కర్నాక్ దాకా 2.7 కిలోమీటర్లు. అమ్మగారిని దాని మీద నడిపించకండి, మొదట్లో నాలుగు సింహికలు చూస్తే చాలు.

కర్నాక్ షోలో కూర్చునేది రెండో సగమే. మొదట చీకట్లో, ఎగుడుదిగుడు రాళ్ళ మధ్య ఆగుతూ నడవాలి, తర్వాత పవిత్ర సరస్సు దగ్గర మెట్ల మీద కూర్చోబెడతారు. రోజుకో భాష, వేళకో భాష. ఇంగ్లీషు ఏ పూటో చూసుకోకపోతే ఫ్రెంచి వింటూ కూర్చోవాలి. నన్నడిగితే పెద్దవాళ్ళతో ఈ షో మానేసి కర్నాక్ పొద్దున్నే చూడటం మేలు.

మూడో రాత్రికి బయట భోజనం కొనకండి. క్రూజులో ఎక్కిన రోజు నుంచే భోజనం టికెట్టులో కలిసి ఉంటుంది. అయితే కిటికీలోంచి నైలు చూస్తూ తింటామనుకోవద్దు. రేవులో ఓడలు ఒకదానికొకటి ఆనించి కడతారు, కిటికీ తీస్తే పక్క ఓడ గోడ కనిపించొచ్చు. డెక్ మీదికి వెళ్ళండి.

ఆవపెట్టిన కూర (బొబ్బిలి):

తిండి సంగతి. ‘వెజిటేరియన్’ అంటే అక్కడ కొందరికి ముక్క తీసేస్తే సరి, పులుసు మాంసానిదే. దానికంటే పనికొచ్చే మాట ‘సియామీ’. ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుల ఉపవాస భోజనం అది: మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. లక్సర్ చుట్టుపక్కల ఆ జనం బాగానే ఉన్నారు, మాట అందరికీ తెలుసు. ఒక్క మెలిక: కొన్ని ఉపవాసాల్లో చేప తింటారు. కాబట్టి ‘సియామీ, మిన్ ఘేర్ సమక్’ అనండి, చేప లేకుండా అని. ‘మిన్ ఘేర్ షోర్బా’ అంటే మాంసం ఉడికించిన నీళ్ళు వద్దని.

ఆ నీళ్ళే అసలు తంటా. ములూఖియా ఆకుకూరే, జనపనార మొక్క ఆకు, మన జిల్లా మిల్లుల్లో ఆడే నార మొక్కదే. బచ్చలిలా జిగురు. చివర్లో వెల్లుల్లి, ధనియాలు నేతిలో వేయించి పోస్తారు, అచ్చం మన తాలింపే. కానీ దాన్ని ఉడికించేది కోడి లేదా కుందేలు నీళ్ళలో. పప్పు సూపు కూడా కొన్నిచోట్ల అంతే. సేమ్యా కలిపిన అన్నం చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, అడగండి. బామియా మన బెండకాయే, టమాటా పులుసులో, మామూలుగా ముక్కలతో వస్తుంది.

నిశ్చింతగా అడిగేవి: తహీనా అనే నువ్వుల ముద్ద, బాబా గనూజ్ అనే వంకాయ పచ్చడి, ముసక్కా అనే వంకాయ టమాటా కూర మాంసం లేకుండా, బలదీ రొట్టె, ఎండలో పొంగించే షమ్సీ రొట్టె. షమ్సీ ఈ దక్షిణ ఈజిప్టు ప్రత్యేకం, దొరికితే వదలొద్దు. కొషరీ కడుపు నింపుతుంది: అన్నం, మసూరు పప్పు, మాకరోనీ, శనగలు, వేయించిన ఉల్లి, టమాటా పులుసు, పైన వెల్లుల్లి వెనిగర్. మాంసం వేసే రకమూ ఉంది, వద్దనండి. ఇది నది గట్టు హోటళ్ళలో కాదు, బజారు కొట్లలో బాగుంటుంది. కారం విడిగా ‘షత్తా’ అని ఇస్తారు. మనవాళ్ళకి చాలదు, కందిపొడి పట్టుకెళ్ళండి.

నాన్నగారికి: కోఫ్తా, హవావ్షీ, ఫత్తా అనే మాంసం వంటకాలు వద్దు, గొడ్డో గొర్రో తేలదు. కాల్చిన కోడి, చేప తీసుకోమనండి. గిన్నె పట్టింపు ఉంటే కలగలుపు గ్రిల్ పళ్ళెం జోలికి పోవద్దు.

అత్తయ్యగారికి: ఎర్రటి కర్కదే పానీయం మన గోంగూర జాతి మొక్క కాయ రేకులదే. మరిగించేటప్పుడే పంచదార దండిగా పోస్తారు, ‘మిన్ ఘేర్ సుక్కర్’ అని ముందే చెప్పాలి. బీపీ కాస్త తగ్గించే గుణం ఉంది, మాత్రలు వేసుకునేవాళ్ళు ఒక గ్లాసుతో ఆపితే మంచిది.

వేళ సంగతి మరవకండి. అక్కడివాళ్ళు తొమ్మిది, పదింటికి తింటారు. మట్టి కుండలో వండే తాజిన్ చెప్పాక అరగంట పైనే పడుతుంది. ఎనిమిదికి ముగించాలంటే ఆరున్నరకే కూర్చుని చెప్పేయండి.

గంటస్తంభం సెంటర్:

చాలా థాంక్సండీ. ఫెలూకాలో భోజనం తీసేయమన్నాను. బిల్లు ఎంతవుతుందో అంచనా ఎలా వెయ్యాలి? టిప్పు ఎంత?

లెక్కల మాస్టారు (టెక్కలి):

మెనూ అడుగున చిన్న అక్షరాలు చదవండి. చాలా చోట్ల ధర మీద 12 శాతం సర్వీసు, దాన్ని కలిపాక 14 శాతం పన్ను వేస్తారు. రెండూ కలిపి 26 కాదు, 27.68. ఆరుగురికి వంటకాలు 2,000 పౌండ్లు అనుకుంటే సర్వీసుతో 2,240, పన్నుతో 2,553.60. ఆ సర్వీసు సొమ్ము వడ్డించినవాడి చేతికి పూర్తిగా చేరదు, కాబట్టి పదిశాతం దాకా నోట్లుగా అతని చేతికే ఇవ్వండి.

అడక్కుండా బల్ల మీద పెట్టే రొట్టె, ఊరగాయ, నీళ్ళ సీసా ఉచితమనుకోకండి, అక్కర్లేకపోతే అప్పుడే వెనక్కి పంపండి. ధరలు లేని మెనూ ఇస్తే లేచిపోండి. గుర్రబ్బండివాడు తీసుకెళ్ళిన హోటల్లో అతని కమీషను మీ ప్లేటులోనే ఉంటుంది. గుడుల టికెట్లకి చాలాచోట్ల కార్డే తీసుకుంటారు, చిన్న హోటళ్ళకీ ఫెర్రీకీ నోట్లే కావాలి. పదులు, ఇరవైలు విడిగా ఉంచుకోండి.

1907లో తెరిచిన వింటర్ ప్యాలెస్ హోటల్ చూడాలనుంటే భోజనానికి కాదు, సాయంత్రం టీకి వెళ్ళండి. అక్కడి ఫ్రెంచి భోజనశాలకి బట్టల నియమం ఉంది, పన్నెండేళ్ళ కుర్రాడు ఆ నిశ్శబ్దంలో అరగంట కూర్చోడు.

ఆవపెట్టిన కూర (బొబ్బిలి):

ఒకటి మర్చిపోయాను. తామియా అనే వడ, ఫూల్ అనే ముద్ద, బెసారా అనే పచ్చడి మూడూ ఫావా చిక్కుడు గింజలతోనే చేస్తారు. తామియా మన పప్పువడలాగే ఉంటుంది, ఆడవాళ్ళకి నచ్చుతుంది. కానీ ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉంటే ఆ గింజ రక్తకణాలని విరగ్గొడుతుంది, ఒక్క ముక్క కూడా వద్దు. బాబుకి చిన్నప్పటి రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి.