పాత ఊరి ఫోటోలకు ఏఐ రంగులు వేస్తే చరిత్ర నిలుస్తుందా, చెరిగిపోతుందా? (మారుపేర్లతో నలుగురు చేసిన చర్చ)

గాజుపలక:
పెద్ద నగరాల చరిత్రకు పుస్తకాలున్నాయి, మ్యూజియంలున్నాయి. చిన్న ఊరి చరిత్ర ఉండేది జనం ఇళ్లల్లో, బీరువా అడుగున దాచిన ఆల్బముల్లో. ఇప్పుడు ఆ ఫోటోలు సేకరించి అందరికీ చూపించేవాళ్లు పెరిగారు. చాలా మంచి పని. కానీ వాళ్లలో చాలామంది ఫోటోను ఏఐకి ఇచ్చి, రంగులు వేయించి, మొహాలు నున్నగా చేయించి, దాన్నే పెడుతున్నారు. అసలు ఫోటో ఎక్కడా కనపడదు. సూటిగా చెబుతున్నాను, ఇది ఆపాలి.

ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు. మొదట్లో ఫిల్ముకు బదులు వాడిన ఫోటో ప్లేట్లకు (రసాయనం పూసిన గాజు పలకలు) నీలం బాగా పట్టేది, ఎరుపు దాదాపు పట్టేదే కాదు. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్లేటు రసాయనంలో అద్దకపు రంగు కలిపితే ఆకుపచ్చ కూడా పడుతుందని కనుక్కున్నాడు. అలా వచ్చిన ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లకు కూడా ఎరుపు కనపడదు. అన్ని రంగులూ పట్టే ప్లేట్లు 1906లో అమ్మకానికి వచ్చినా, పాత రకం వాడకం చాలా ఏళ్లు పోలేదు. ఆ ఫోటోల్లో ఎర్ర బట్ట నల్లగా పడుతుంది, లేత నీలం గోడ సున్నం కొట్టినట్టు తెల్లగా పడుతుంది. ఏఐ ఆ నలుపును చూసి ముదురు నీలమో గోధుమ రంగో వేసేస్తుంది. రేపు ఎవరైనా ఆ ఊళ్లో అప్పుడు గోడలకు ఏ రంగు వేసేవాళ్లో తెలుసుకోవాలని చూస్తే, వాళ్ల చేతికి దొరికేది ఈ అబద్ధమే.

ఆదివారం ఆల్బం:
మీ శాస్త్రం కాదననండి. కానీ నా అనుభవం వేరు. మా అమ్మమ్మకు చూపు బాగా తగ్గింది. ఒక పాత గ్రూపు ఫోటో చూపిస్తే, "అన్నీ బూడిద మొహాలే, ఎవరో తెలియట్లేదమ్మా" అంది. దానికే రంగులు వేయించి, ట్యాబులో పెద్దది చేసి చూపించాను. వెనక గోడలో కలిసిపోయినట్టున్న ఒకతను విడిగా కనిపించాడు. ఆవిడ వేలు పెట్టి అతని పేరు, తండ్రి పేరు, ఏం పని చేసేవాడో చెప్పింది. అలా నలుగురిని గుర్తుపట్టింది. ఆ నాలుగు పేర్లు వేరే ఎవరికీ తెలియవు. చొక్కా రంగు తప్పయితే కానివ్వండి, పేర్లు తప్పు కాదు కదా?

ఫోటోకు రంగులద్దడం కొత్తేం కాదు కూడా. డాగేరోటైపుల (రాగి రేకు మీద తీసిన తొలికాలపు ఫోటోలు) రోజుల నుంచే స్టూడియోల్లో బుగ్గలకు చేత్తో రంగు పూసేవాళ్లు.

గాజుపలక:
మీ అమ్మమ్మగారు చెప్పిన పేర్లు దొరకడం అదృష్టం, ఆ పని మీరు చేసినందుకు దండం పెడతాను. చేత్తో అద్దిన రంగు మాత్రం చూడగానే తెలిసిపోతుంది. ఏఐ రంగుకు ఆ గుర్తు ఉండదు, నాకు భయం అక్కడే.

ఈమధ్య నేను స్కాన్ చేసిన ఒక వీధి ఫోటో సంగతి చెబుతాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్రింటు. ఒక మూల గుమ్మం మీద చిన్న బోర్డు, దాని మీద మసగ్గా అక్షరాలు. నేనూ ఆశపడి ఒక యాప్‌లో క్లారిటీ పెంచమని ఇచ్చాను. ఫోటో తళతళలాడుతూ వచ్చింది. బోర్డు మీద అక్షరాలు కూడా చక్కగా, గట్టిగా కనిపించాయి. చదవబోతే అది ఏ భాషా కాదు! అక్షరాల్లా ఉన్న గీతలు, అంతే. తిరిగి అసలు ప్రింటు తీసి, కిటికీ దగ్గర కూర్చుని, భూతద్దం పెట్టి అటూ ఇటూ వంచి చూశాను. బోర్డు కింది అంచున నాలుగంకెల సంవత్సరం ఉంది. ఆ ఫోటో ఎప్పటిదో చెప్పే ఆధారం మొత్తం ఫోటోలో అదొక్కటే. యాప్ చేసిన కాపీలో ఆ చోట ఒక చిన్న పువ్వు ముగ్గు ఉంది.

మొహాలకూ అంతే. 2020లో పల్స్ అనే ప్రోగ్రాంకు ఒబామా మసక ఫోటో ఇస్తే ఒక తెల్లజాతి మనిషి మొహం చేసి ఇచ్చింది. అది మసక తీసేయడం కాదు, కొత్త మొహం గీయడం. మీ తాత మొహానికి కూడా అదే జరగొచ్చు.

స్కానర్ దగ్గర:
మీరు రంగుల గురించి వాదించుకునేలోపు అసలు ఫోటోలే పోతున్నాయి. ఎసిటేట్ (ఒక రకం పాత ప్లాస్టిక్ ఫిల్ము) నెగటివ్‌ల డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వస్తోందా? ఫిల్ము కుళ్లడం మొదలైందని అర్థం. వాటిని మిగతా వాటి నుంచి వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయండి. జిగురు పేజీ మీద ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బముల నుంచి ఫోటోలు పీకకండి, చిరుగుతాయి. పేజీతో సహా స్కాన్ చేయండి. చిన్న ప్రింటుకు కనీసం 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) పెట్టండి. వివరాలు తగ్గని టిఫ్ ఫైలు దాచుకుని, పంచుకోవడానికి మాత్రం జేపెగ్ చేసుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుంచించుకుపోతుంది, దాన్ని అసలు కాపీ అనుకోవద్దు.

మరీ మరీ చెప్పేదేంటంటే, ఫోటో వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తేదీ అన్నీ అక్కడే ఉంటాయి. రంగులు వేసేవాళ్లలో వెనక్కి తిప్పి చూసినవాళ్లు నాకింతవరకు కనపడలేదు.

వీధి చివర:
గాజుపలక గారూ, "అసలు ఫోటో నిజం, రంగు ఫోటో అబద్ధం" అన్నట్టు రాశారు. అసలుది మాత్రం పూర్తి నిజమా? 1838లో, డాగేరోటైపు కనిపెట్టిన డాగేర్ పారిస్‌లో బూలవార్ ద్యు టాంప్ల్ అనే రద్దీ వీధిని ఫోటో తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి కదిలే బళ్లు, మనుషులు ఎవరూ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకతను, పాలిష్ చేసే అతను మాత్రం పడ్డారు. పైగా కుడి ఎడమలు తారుమారు. ఆ ఫోటో ఒక్కటే మిగిలుంటే ఆ వీధి నిర్మానుష్యం అనుకునేవాళ్లం.

ఊళ్ల ఫోటోలదీ అదే కథ. కెమెరా ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ల పేర్లు ఉంటాయి. అంచున బరువు మోస్తూ సగం తెగిపోయిన మనిషికి పేరుండదు. నాకు రంగు కంటే ఆ అంచు ముఖ్యం. అందంగా ఉండాలని ఫోటో అంచులు కత్తిరించేవాళ్ల మీద నాకు ఎక్కువ కోపం.

అయితే ఒక విషయంలో గాజుపలక గారితోనే ఉన్నాను. 2021లో, కంబోడియాలో ఖ్మేర్ రూజ్ నియంతల పాలనలో టువోల్ స్లెంగ్ జైల్లో బంధించి చంపిన మనుషుల ఫోటోలకు ఒకాయన రంగులు వేసి, కొన్ని మొహాలకు నవ్వులు కూడా పెట్టాడు. వైస్ అనే వార్తా సంస్థ వాటిని ప్రచురించి, గొడవయ్యాక తీసేసింది. బంధువులు అవి చూస్తే ఏమవుతుందో ఆలోచించండి.

గాజుపలక:
ఒప్పుకుంటున్నాను. "ఆపాలి" అన్న మాట వెనక్కి తీసుకుంటాను. దాని బదులు ఇది అడుగుతాను. రంగు ఫోటో పెట్టినప్పుడు పక్కనే అసలుది, అంచులతో సహా పెట్టండి. "రంగులు ఊహించి వేసినవి" అని ఫోటో మీదే, కింది అంచులో రాయండి. కింద వేరే వాక్యంగా రాస్తే ఫార్వర్డ్ చేసినప్పుడు ఊడిపోతుంది, ఫోటో ఒక్కటే తిరుగుతుంది. ఆదివారం ఆల్బం గారూ, ఆ నాలుగు పేర్లు ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కూడా రాసిపెట్టారా?

ఆదివారం ఆల్బం:
రాయలేదండి. మీరు అడిగాక రాశాను. స్కానర్ దగ్గర గారి మాట విని ఆ గ్రూపు ఫోటో ఫ్రేము విప్పి వెనక చూశాను కూడా. ఇన్నేళ్లలో ఎవరూ విప్పలేదు. అట్ట మీద పెన్సిల్‌తో వరుసలవారీగా పేర్లు రాసి ఉన్నాయి. మూడు పేర్లు అమ్మమ్మ చెప్పినవే. గోడ దగ్గర నిలబడ్డ అతని పేరు మాత్రం వేరే ఉంది. అమ్మమ్మను మళ్లీ అడిగితే, "రాసినవాళ్లకేం తెలుసు, అతను మా పక్కింటివాడు" అని గట్టిగా చెప్పింది. రెండు పేర్లూ రాసి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే పెట్టాను. అతని తరఫు వాళ్లు ఎవరైనా ఉన్నారేమో వెతుకుతున్నాను. ఈసారి వాళ్లకు నలుపు తెలుపుదే ముందు చూపిస్తాను.