అప్‌డేట్: చివరికి డయల్ ఉన్న వేప్ (ఈ-సిగరెట్) బ్యాటరీనే తీసుకున్నా

నెలన్నర కిందట అడిగాను, గుర్తుందా? ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటా, సిగరెట్ మానేద్దామని వేపింగ్‌కి మారుతున్నా, వోల్టేజ్ మార్చుకునే సన్న పెన్ను కొనాలా, 18650 సెల్ (తీసి మార్చుకునే రీఛార్జ్ బ్యాటరీ) వేసే బాక్స్ కొనాలా అని. ఎక్కువమంది బాక్సే అన్నారు. నేను పెన్నే కొన్నా. జేబులో బరువుండదు కదా అని.

అడుగున డయల్, 3.3 నుంచి 4.8 వోల్టుల దాకా. మొదటిరోజే ఉత్సాహం కొద్దీ చివరిదాకా తిప్పేశా. ఒక్క దమ్ముకే గొంతులో కాలిన గుడ్డ వాసన! లోపల ద్రవాన్ని పీల్చే దూది మాడిపోయింది, దాన్ని వేడిచేసే తీగచుట్ట (కాయిల్) చెత్తబుట్టలోకి. తర్వాత లెక్క వేసుకున్నా: వోల్టేజ్ వర్గాన్ని కాయిల్ నిరోధంతో (ఓమ్స్‌లో) భాగిస్తే వాట్లు. నా కాయిల్ 1.8 ఓమ్స్. 3.7 దగ్గర ఏడున్నర వాట్లు, 4.8 దగ్గర దాదాపు 13. వోల్టు పెరిగింది ఒక్కటే, వేడి మాత్రం దాదాపు 70 శాతం ఎక్కువ. ఇప్పుడు 3.6 దాటను.

ఒక్కటే చిరాకు. జీన్స్ జేబులో డయల్ దానంతటదే తిరిగిపోతుంది. చిన్న టేప్ ముక్క అంటించా, చూడ్డానికి దరిద్రంగా ఉంది గానీ పనిచేస్తోంది.

బాక్స్ చెప్పినవాళ్ల మాట తప్పేం కాదు. పెన్నులో సెల్ పోతే మొత్తం పారెయ్యాలి, బాక్స్‌లో సెల్ మారిస్తే చాలు.

వచ్చే నెల విజయవాడ వెళ్తున్నా. 2019 చట్టంతో ఇండియాలో వీటి అమ్మకం, దిగుమతి నిషేధం కాబట్టి ఇది ఇక్కడే డ్రాయర్లో ఉంటుంది. ఆ మూడు వారాలు ఎలా గడుస్తాయో!