వేవ్ ఫిల్టర్ కొట్టి ఇకత్ అనొచ్చా?

పీణ్య_ప్రింట్
బెంగళూరులో ఒక డిజిటల్ ప్రింట్ యూనిట్‌లో డిజైన్లు చేస్తాను. చిక్‌పేట షాపులవాళ్లకి క్రేప్ మీద ఇకత్ లుక్, అంటే ముందే రంగులద్దిన దారంతో నేసినట్టు కనిపించడం, కావాలి, అదీ రేపటికల్లా. మా దగ్గర పద్ధతి ఏంటంటే, గళ్ల మోటిఫ్ గీయడం, ఫొటోషాప్‌లో డిస్టార్ట్ కింద ఉన్న వేవో రిపులో కొట్టడం, అంచులు చెదిరినట్టు కనిపిస్తే పంపేయడం. మొన్న మా సీనియర్ ఒకాయన ఇది డిజైనే కాదు, జీతం ఫిల్టర్‌కి ఇవ్వాలి అన్నారు. బ్రష్ ఎలాగో ఫిల్టరూ అలాగే కదా అని నా వాదన. మీరేమంటారు?

టీనగర్_స్టూడియో
చెన్నై నుంచి. ఇందులో తప్పేముందండీ? పల్లూలో పెద్ద చక్రం కావాలంటే నేను బోర్డర్ పట్టీ తీసుకుని పోలార్ కోఆర్డినేట్స్‌తో గుండ్రంగా వంచేస్తాను. చేత్తో గీస్తూ కూర్చుంటే పార్టీ వేరే స్టూడియోకి పోతుంది. నేను ఒప్పుకోనిది రిపీట్ విరగడం ఒక్కటే, అంటే మళ్లీ మళ్లీ వచ్చే డిజైన్ ముక్క (టైల్) పక్కదానితో కలవకపోవడం. వేవ్‌లో జనరేటర్ ఒకటే పెట్టి, కనిష్ఠ, గరిష్ఠ వేవ్‌లెంగ్త్‌లు ఒకటే ఇవ్వండి, అది టైల్ వెడల్పును సరిగ్గా భాగించాలి. ర్యాప్ అరౌండ్ ఆన్‌లో ఉండాలి. తర్వాత ఆఫ్‌సెట్ ఫిల్టర్‌తో టైల్ అంచుల్ని మధ్యకి తెచ్చి అతుకు చూసుకోండి. ఇంత చేయనివాళ్ల డిజైన్లు ప్రింటయ్యాక చీర పొడవునా గీతల్లా అతుకులు కనిపిస్తాయి.

హుక్కుల_లెక్క
జాకార్డ్ పని నాది, అంటే మగ్గం మీద నేతలోనే డిజైన్ తేవడం, బెంగళూరులోనే. మాకు ఒక్కో పిక్సెల్ ఒక్కో చోట పడుగూ (నిలువు దారం) పేకా (అడ్డ దారం) కలిసే బిందువు. ఫైల్‌లో లెక్కపెట్టిన కొన్ని రంగులే ఉండే ఇండెక్స్‌డ్ మోడ్‌లో ఈ ఫిల్టర్లు పనిచేయవు. ఆర్‌జీబీకి మార్చి ఫిల్టర్ కొట్టి తిరిగి వస్తే, ఉన్న ఆరు రంగుల మధ్య ఎక్కడెక్కడి రంగులో పుట్టుకొస్తాయి. వాటిని ఏరుకుంటూ కూర్చోవాలి. కాబట్టి నాకు ఈ ఫిల్టర్ల మీద ప్రేమ తక్కువ, ముందే చెప్తున్నా.

ఇకత్ సంగతికొస్తే, వేవ్ కొట్టడం సోమరితనమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. అది తప్పుగా కనిపిస్తుంది. ఇకత్‌లో అంచు చెదరడానికి ఒక కారణం ఉంది. దారాన్ని ముందే కట్టి రంగు వేస్తారు, కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది. నేసేటప్పుడు ప్రతి దారం తన వరసలో కొంచెం అటో ఇటో జరుగుతుంది. పేక ఇకత్ అయితే చెదురు అడ్డంగానే ఉంటుంది, పడుగు ఇకత్ అయితే నిలువుగానే. రెండు దిక్కులా ఉందంటే అది డబుల్ ఇకత్, పుట్టపాక తేలియా రుమాల్ లాగ. వేవ్‌కి దారమే తెలియదు. మొత్తం బొమ్మని నీళ్లలో నీడలా ఊపేస్తుంది. బట్ట తెలిసిన కళ్లు దాన్ని వెంటనే పట్టేస్తాయి.

చేయాలనే ఉంటే డిస్‌ప్లేస్ వాడండి, అది ఇంకో బొమ్మని (మ్యాప్) చూసి పిక్సెళ్లని జరిపే ఫిల్టర్. ఒక పిక్సెల్ వెడల్పు పట్టీలో నలుపు తెలుపు నాయిస్ వేసి, దాన్ని అడ్డంగా టైల్ వెడల్పంతా సాగదీయండి. ఒక్కో వరస ఒక్కో బూడిద రంగు అవుతుంది. దాన్ని పీఎస్‌డీగా (ఫొటోషాప్ మామూలు ఫైల్) దాచి మ్యాప్‌గా ఇవ్వండి. 128 బూడిద అంటే కదలిక లేదు, అంతకన్నా నల్లబడితే ఒక పక్కకి, తెల్లబడితే రెండో పక్కకి. స్కేల్ 100 పెడితే గరిష్ఠంగా 128 పిక్సెళ్లు జరుగుతుంది. మీరు అడ్డంగా 5, నిలువుగా సున్నా పెట్టండి. 150 డీపీఐలో (అంగుళానికి 150 పిక్సెళ్లు) సుమారు మిల్లీమీటరు చెదురు వస్తుంది. వరస రెండు పిక్సెళ్ల మందం ఉంటే అంగుళానికి 75 వరసలు, మగ్గం లెక్కకి కాస్త దగ్గర.

పీణ్య_ప్రింట్
ఇప్పుడే చేసి చూశాను. అన్నా, ఇది వేరే లెవెల్. మా ఓనరు నేసిందా అని అడిగారు.

పోచంపల్లి_అబ్బాయి
అదేనండీ నా భయం. మాది నేత కుటుంబం, నేను ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వేవ్ కొట్టిన చీరతో మాకు ఇబ్బంది లేదు, అది ప్రింటని మా పక్కింటి పిల్ల కూడా చెప్తుంది. ఇలా దారం దారం లెక్కపెట్టి చేసిందే మా గిరాకీని తినేస్తుంది. మీరేమో దాన్ని నాణ్యత అంటున్నారు.

యంత్రాలకి మేం ఎదురు కాదు. ఆసు పోసీ పోసీ, అంటే నేతకి ముందు చేత్తో దారాన్ని మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ, వాళ్లమ్మ భుజాలు పడిపోతుంటే చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం వచ్చాక కూడా చీర నేసేది మా ఇంట్లోనే. మీ మ్యాప్ వచ్చాక మా ఇంటితో పనేముంది?

హుక్కుల_లెక్క
మీ బాధ అర్థమైంది. కానీ చీర వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది కదా. రంగేసిన దారంతో నేసింది రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, ప్రింట్ వెనక వెలిసినట్టుంటుంది.

పోచంపల్లి_అబ్బాయి
ఫోన్‌లో కొనేవాళ్లు ఏ పక్కకి తిప్పుతారు?

టీనగర్_స్టూడియో
తమ్ముడూ, ఇది ఫిల్టర్ గొడవ కాదు, ట్యాగ్ గొడవ. పోచంపల్లి ఇకత్‌కి జీఐ (ఊరి పేరుకి చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది, తేలియా రుమాల్‌కి 2020లో వచ్చింది. ప్రింట్ మీద ఆ పేరు వేస్తే 1999 నాటి జీఐ చట్టం కింద కేసు పెట్టొచ్చు. 'డిజిటల్ ప్రింట్, క్రేప్' అని రాసి అమ్మితే నాకే అభ్యంతరం లేదు. ఊరి పేరుకి చట్టం ఉంది గానీ, గళ్లకీ చెదురుకీ ఎవరి హక్కూ లేదు.

పీణ్య_ప్రింట్
మేం వేసి పంపేది కోడ్ నంబరే. షాపువాళ్లు పైన ఏం అంటించుకుంటారో మాకెలా తెలుస్తుంది?

పోచంపల్లి_అబ్బాయి
బట్ట అంచులోనే 'ప్రింట్' అని అచ్చు వేయండి. మీ మెషీన్‌కి రిపీట్ లెక్క కూడా లేదు, సెల్వెడ్జ్ పొడవునా వేయొచ్చు. పైసా ఖర్చు లేదు.

పీణ్య_ప్రింట్
ఓనరుని అడుగుతాను. షాపులు ఒప్పుకుంటాయని మాత్రం నమ్మకం లేదు.

టీనగర్_స్టూడియో
మధ్యలో ఒక మాట. చీర మొత్తం ఒకే ఫైల్‌లో చేస్తే 5.5 మీటర్లు 150 డీపీఐలో 32 వేల పిక్సెళ్లు దాటుతుంది. పీఎస్‌డీ 30 వేల దగ్గరే ఆగిపోతుంది, పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీలో దాచుకోండి. రాత్రి పదింటికి సేవ్ కాకపోతే ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

కొత్త_డిజైనర్
హుక్కుల గారూ, ఆ మ్యాప్ ఫైల్ ఇక్కడ పెట్టండి ప్లీజ్. దసరా ఆర్డర్ ఉంది.

హుక్కుల_లెక్క
ఫైల్ పెట్టనమ్మా. పైన అబ్బాయి చెప్పింది విన్నాక చేయి రావడం లేదు.

పోచంపల్లి_అబ్బాయి
తయారీ మొత్తం రాసేశాక ఫైల్ దాచి ఏం లాభం అన్నా?