ఇంటి ముందు మంచు మీద జారిపడితే బాధ్యత ఎవరిది? (న్యూజెర్సీ)

గుడివాడ వాసి:
అమ్మ సందర్శకుల వీసా మీద మా దగ్గరికి వచ్చింది. జనవరిలో ఒక ఉదయం నడకకు వెళ్లి, మా వీధిలోనే ఒకరి ఇంటి ముందు సైడ్‌వాక్ (కాలిబాట) మీద జారిపడింది. మణికట్టు విరిగింది, ప్లేటు వేశారు. ఆ ఇంటివాళ్లు మంచు కురిసి ఆగినా పార ముట్టలేదు. పగలు కరిగింది, రాత్రికి గాజుపలకలా గడ్డకట్టింది. లాయరును అడిగితే "నివాస గృహం కదా, కేసు నిలవదు" అంటున్నాడు. మంచు ఆగాక గడువులోగా తీయాలని మా ఊరి మున్సిపాలిటీ నిబంధన ఉంది. వాళ్లు తీయలేదు, మనిషి పడింది. ఇందులో నిలవనిది ఏముంది?

పార పట్టినవాడు:
లాయరు చెప్పింది నిజమే. ఆ నిబంధన ఊరికీ యజమానికీ మధ్య వ్యవహారం. తీయకపోతే ఊరు జరిమానా వేస్తుంది, అంతే. పడినవాళ్లకు దావా వేసే హక్కు దాని నుంచి పుట్టదు. వ్యాపార స్థలాల యజమానులు తమ ముందున్న సైడ్‌వాక్‌ను సరిగా ఉంచాలని 1981లో స్టీవర్ట్ కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తేల్చింది. 1983లో మిర్జా కేసులో దాన్ని మంచుకూ వర్తింపజేసింది. ఇళ్ల జోలికి మాత్రం పోలేదు. హోబోకెన్‌లో కాండో (సొంత ఫ్లాట్ల) భవనం ముందు ఐస్ మీద పడిన వ్యక్తి కేసులోనూ, అది నివాస భవనమే కాబట్టి బాధ్యత లేదని 2011లో తీర్పు చెప్పింది. కోపం రావడం సహజమే గానీ, చట్టం అలా ఉంది.

కాఫీపొడి:
అందుకే నేను పార పట్టను. తీయకపోతే జరిమానాతో పోతుంది. తీశాక కాస్త మిగిలితే, దాని మీద పడినవాడు మన మెడకు చుట్టుకుంటాడు.

పార పట్టినవాడు:
ఈ మాట ప్రతి చలికాలం వింటున్నాను, ప్రతిసారీ తప్పే. మామూలుగా తీశాక మిగిలినదానికి ఇంటి యజమాని బాధ్యుడు కాడు. ఉన్న ప్రమాదాన్ని పెంచితేనే చిక్కు. ఉదాహరణకు చూరు నీళ్ల గొట్టాన్ని సైడ్‌వాక్ వైపు వదిలారనుకోండి. ఆ నీళ్లు గడ్డకడితే అది ఆకాశం నుంచి పడిన మంచు కాదు, మీరు తయారు చేసిన ఐస్. ఇల్లినాయ్‌లో మీలాంటివారి భయం పోగొట్టడానికే 1979లో చట్టం తెచ్చారు. ఇంటి ముందు మంచు తీసినవాళ్లు బుద్ధిపూర్వకంగానో, తెలిసీ లెక్కలేనితనంతోనో హాని చేస్తే తప్ప వాళ్ల మీద దావా చెల్లదు.

నాలుగో వీధి:
న్యూయార్క్ నగరంలో 2003 సెప్టెంబరు నుంచి బాధ్యత సైడ్‌వాక్‌ను ఆనుకున్న స్థలం యజమానిదే. యజమాని తానే నివసించే, మూడు కుటుంబాల వరకు ఉండే ఇళ్లకు మాత్రం మినహాయింపు.

గుడివాడ వాసి:
ఆ ఇంటి చూరు గొట్టం సైడ్‌వాక్ వైపే ఉంది!

కాఫీపొడి:
వైపు ఉండటం వేరు, మీద ఉండటం వేరు. గొట్టం చివర నుంచి సైడ్‌వాక్‌కు ఎన్ని అడుగులు?

గుడివాడ వాసి:
నాలుగైదు ఉంటాయి. మధ్యలో గడ్డి.

కాఫీపొడి:
గడ్డి నీళ్లు పీల్చుకుంటుంది.

పొరుగింటి పుల్లకూర:
జనవరిలో నేల గడ్డకట్టి ఉంటే గడ్డి ఏం పీలుస్తుందండీ?

కాఫీపొడి:
సరే, గొట్టం సంగతి వదిలేద్దాం. అంత చలిలో పెద్దావిడను ఒంటరిగా నడకకు పంపినవారి తప్పు లేదా? కోర్టు కూడా పడినవారి తప్పులో వాటా చూస్తుంది. అది యజమాని తప్పుకన్నా ఎక్కువైతే పైసా రాదు.

గుడివాడ వాసి:
మీ అమ్మగారు వస్తే ఆరు నెలలూ గదిలో పెట్టి తాళం వేస్తారా? ఆవిడకు కారు నడపడం రాదు, ఇక్కడ భాష రాదు. రోజుకు ఆ అరగంట నడకే ఆవిడ స్వేచ్ఛ. మంచి బూట్లే వేసుకుంది. తప్పు పట్టడానికి అమ్మే దొరికిందా మీకు?

ఇంకో మాట. ఆ ఇంటివాళ్లు తెలుగువాళ్లే. సంక్రాంతికి మా ఇంట్లో భోజనం చేసి వెళ్లారు. అంబులెన్స్ వచ్చినప్పుడు కిటికీ తెర పక్కకు జరిపి చూసి, మళ్లీ వేసేసుకున్నారు. ఇప్పటిదాకా ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. నాకు డబ్బు కావాలని ఎవరన్నారు?

పార పట్టినవాడు:
మొదటి పోస్టులోనే ఇది రాసి ఉంటే నేను తీర్పుల చిట్టా విప్పేవాడిని కాదు. ఒకటి మాత్రం ఆలోచించండి. "అయ్యో, మంచు తీయాల్సింది" అని నోరు జారితే రేపు అదే సాక్ష్యమవుతుందని ఎవరో వాళ్లను బెదరగొట్టి ఉంటారు.

వరంగల్ ఆడపడుచు:
నేను ఇళ్లకు తిరిగి రోగులను చూసే నర్సును. నా పనంతా మీ అందరి సైడ్‌వాక్‌ల మీదే. ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఇంటి యజమానికి బాధ్యత లేదు. మంచు విషయంలో మున్సిపాలిటీ మీదా ఇక్కడ కేసు నిలవడం చాలా కష్టం. ఇక మిగిలింది పడినవాళ్లే. అదే ఐస్ పక్కనున్న బట్టలషాపు ముందు ఉంటే యజమాని కట్టాలి, ఇంటి ముందు ఉంటే నేను కట్టుకోవాలి. విరిగే ఎముకకు ఆ తేడా తెలుస్తుందా?

గుడివాడ వాసి గారూ, దావా సంగతి ఎలా ఉన్నా, ఇంటి ఇన్సూరెన్స్‌లో సాధారణంగా మెడికల్ పేమెంట్స్ అని ఒక భాగం ఉంటుంది. గాయపడినవారి వైద్య ఖర్చులకు, ఎవరి తప్పో తేల్చకుండానే ఇస్తారు. మొత్తం చిన్నదే, తరచూ 1,000 నుంచి 5,000 డాలర్లు. ఆనుకుని ఉన్న సైడ్‌వాక్‌కూ వర్తించవచ్చు. కానీ ఆ ఇంటివాళ్లు తమ కంపెనీ వివరాలు చెప్పాలి.

కాఫీపొడి:
నర్సుగారూ, మీ బాధ అర్థమైంది. నా బాధ కూడా వినండి. ఆ నేల నాది కాదు. దాని మీద చెట్టు నాటాలన్నా, కొట్టాలన్నా ఊరి అనుమతి కావాలి. ఏటా పదివేల డాలర్లకు పైగా ఇంటి పన్ను కడుతున్నాను. నేను తుడిచిన పది నిమిషాలకే ఊరి మంచుబండి వచ్చి రోడ్డు మీది బురదమంచునంతా మళ్లీ దాని మీదికే తోసి పోతుంది. పన్ను ఊరికి, పార నాకు, ఇప్పుడు కేసు కూడా నాకేనా? సైడ్‌వాక్ ఊరిదైతే ఊరే తీయాలి. నేను పార పట్టకపోవడానికి అసలు కారణం ఇదే.

వరంగల్ ఆడపడుచు:
అది కౌన్సిల్ సమావేశానికి వెళ్లి అడగండి. అడిగేదాకా ఉప్పైనా చల్లండి.

పార పట్టినవాడు:
గుడివాడ వాసి గారూ, ఒక ప్రశ్న మిగిలింది. ఆ ఇంట్లో వాళ్లే ఉంటున్నారా, అద్దెకు కూడా ఇచ్చారా? ఇల్లు ప్రధానంగా నివాసానికా, ఆదాయానికా అని కోర్టులు చూస్తాయి. ఆలస్యం చేయకండి, న్యూజెర్సీలో గాయం కేసు వేయడానికి గడువు రెండేళ్లే.

గుడివాడ వాసి:
కింది అంతస్తు ఇద్దరు విద్యార్థులకు ఇచ్చారు. పైన వాళ్లు ఉంటారు.

కాఫీపొడి:
ఇద్దరు పిల్లలు అద్దెకు ఉన్నంత మాత్రాన ఇల్లు బట్టలషాపు అయిపోతుందా?

పార పట్టినవాడు:
అవుతుందని అనలేదు. లాయరుకు చెప్పారా అని అడుగుతున్నాను.

గుడివాడ వాసి:
చెప్పలేదు. ముందు ఇన్సూరెన్స్ సంగతి అడగడానికి సాయంత్రం వాళ్ల తలుపు కొడతాను. అమ్మ కూడా వస్తానంటోంది.