కాలిఫోర్నియా పాత గంజాయి టికెట్: స్టాంపింగ్‌కి ముందు క్లియర్ చేయించాలా?

బైరాగిపట్టెడ_అబ్బోడు:
మా తమ్ముడు 2015లో శాన్ హోసేలో 20 గ్రాముల గంజాయితో దొరికినాడు. అప్పుడు వయసు 23. ఇన్‌ఫ్రాక్షన్ (ఫైన్‌తో పోయే చిన్న తప్పు) టికెట్ రాసినారు, 100 డాలర్ల ఫైన్ కట్టేసినాడు. ఇప్పుడు తిరుపతిలోనే ఉన్నాడు, హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) స్టాంపింగ్‌కి పోవాల. 2016లో అక్కడ లీగల్ చేసినారు గదా, రికార్డు దానంతట అదే పోయుంటుందా? డీఎస్-160 (వీసా దరఖాస్తు ఫారం)లో ఎప్పుడైనా అరెస్టు, శిక్ష ఉన్నాయా అన్నదానికి 'నో' పెట్టేయొచ్చా అన్నా?

కాగితాలోడు:
'నో' పెట్టొద్దు. క్షమాభిక్షలాంటిది దొరికినా చెప్పాల్సిందేనని ఆ ప్రశ్నలోనే ఉంటుంది. దాచినట్టు తేలితే గంజాయి సంగతి పక్కకుపోయి, అబద్ధం చెప్పారన్నదే పెద్ద అడ్డమవుతుంది.

2016లో గంజాయిని లీగల్ చేసిన ప్రొపోజిషన్ 64 రాష్ట్ర చట్టం. వీసా చూసేది ఫెడరల్ వాళ్లు, వాళ్ల లెక్కలో గంజాయి ఇంకా నిషిద్ధమే. అసలు కేసులోనే చట్టపరమైన లోపం ఉందని కోర్టు కొట్టేస్తే ఇమిగ్రేషన్‌లో పనికొస్తుంది. మంచి నడవడికి శిక్ష రికార్డు కొట్టేసే 'క్లీన్ స్లేట్'‌ను పట్టించుకోరు. ఇన్‌ఫ్రాక్షన్ అసలు 'కన్విక్షన్' (నేర నిర్ధారణ) కిందికే రాదని వాదించే దారి మాత్రం ఉంది. దానికి ఇమిగ్రేషన్ లాయర్ కావాలి, ఇక్కడి ట్రావెల్ ఏజెంట్ కాదు.

చిత్తూరు_బెల్లం:
తొందరపడి క్లియర్ చేయించొద్దు, ముందు కాపీలు తీసుకోండి. 28.5 గ్రాముల లోపు కేసుల రికార్డును కాలిఫోర్నియా కోర్టులు రెండేళ్ల తర్వాత ఉంచకూడదు. మీది ఇప్పటికే చెరిపేసి ఉండొచ్చు. చిక్కంతా అక్కడే: కాన్సులేట్ సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు కాగితం) అడుగుతుంది, కోర్టేమో ఏమీ లేదంటుంది. అప్పుడు శాంటా క్లారా కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్క్ దగ్గర 'రికార్డు లేదు' అని లెటర్ తీసుకోండి. పాత టికెట్, ఫైన్ రసీదు ఉంటే జతచేయండి.

రికార్డు ఇంకా ఉంటే, సర్టిఫైడ్ కాపీలు చేతికొచ్చాకే ఫారం సీఆర్-400 (ప్రొపోజిషన్ 64 కింద పాత కేసు కొట్టేయమని కోర్టును అడిగేది) వేయండి. శిక్ష పూర్తయింది కాబట్టి 'అప్లికేషన్' గడి టిక్ పెట్టాలి.

కాగితాలోడు:
ఎఫ్‌బీఐ రికార్డు కూడా తెప్పించండి, 18 డాలర్లు. ఎఫ్‌డీ-258 అనే వేలిముద్రల కార్డు మీద వేళ్లను గోరు అంచు నుంచి గోరు అంచు దాకా దొర్లించాలి. ఇంకు ఎక్కువైతే గీతలు అలుక్కుపోయి తిప్పి పంపుతారు, రెండు మూడు కార్డులు కలిపి పంపడం మేలు. టికెట్ ఇచ్చినప్పుడు వేలిముద్రలు తీయకపోయుంటే అందులో కనపడకపోవచ్చు. అయినా డీఎస్-160లో జవాబు 'యస్' అనే పెట్టాలి.

అనర్హత అని ఆఫీసర్ తేలిస్తే నాన్-ఇమిగ్రెంట్ వేవర్ (అనర్హత ఉన్నా తాత్కాలిక వీసాకి ఇచ్చే మినహాయింపు) అడగండి. ఆయనే పైకి సిఫార్సు చేయాలి, నెలలు పట్టొచ్చు.

బైరాగిపట్టెడ_అబ్బోడు:
పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కి అడ్డమా?

చిత్తూరు_బెల్లం:
కాదు. మన పాస్‌పోర్ట్ చట్టం చూసేది ఇండియా కోర్టు వేసిన శిక్ష, ఇండియాలో పెండింగ్‌లో ఉన్న కేసు.