జీర్ణాశయ ఆర్గనాయిడ్లలో సీడీఎక్స్2 ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: జీర్ణాశయ ఆర్గనాయిడ్ల (డిష్‌లో పెంచే చిన్న అవయవ నమూనాల) కోసం మానవ ప్లూరిపొటెంట్ కణాలకు (ఏ రకం కణంగానైనా మారగలవి) 3 రోజులు యాక్టివిన్ ఎ అనే ప్రోటీన్ (100 నానోగ్రాములు/మి.లీ.), తర్వాత 3 రోజులు ఎఫ్‌జీఎఫ్4 (500 నానోగ్రాములు/మి.లీ.), డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని పెంచే చిర్ (2 మైక్రోమోలార్), బీఎంపీ సంకేతాన్ని ఆపే నాగిన్ (200 నానోగ్రాములు/మి.లీ.), చివరి రోజు రెటినోయిక్ యాసిడ్ (2 మైక్రోమోలార్) ఇస్తున్నాం. 6వ రోజు క్యూపీసీఆర్‌లో (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) జీర్ణాశయం వైపు గుర్తు అయిన సాక్స్2 బాగానే ఉంది, కానీ పేగు గుర్తు అయిన సీడీఎక్స్2 కూడా వస్తోంది. లోపం ఎక్కడ?

జవాబు 1: ముందు నాగిన్‌ను అనుమానించండి. డబ్ల్యూఎన్‌టీ, ఎఫ్‌జీఎఫ్ సంకేతాలు రెండూ కలిస్తే ఎండోడెర్మ్‌ను (జీర్ణనాళం పుట్టే పిండపు పొరను) వెనక్కి, అంటే పేగు వైపు నెట్టి సీడీఎక్స్2ను లేపుతాయి. బీఎంపీని ఆపితేనే సాక్స్2 నిలుస్తుంది. నాగిన్ ఒక్క రోజు ఆలస్యమైనా, పదేపదే కరిగించి గడ్డకట్టించిన స్టాక్ వాడినా ఆ అడ్డు పోతుంది. చిన్న వయల్స్‌లో పంచుకుని ఒక్కోటి ఒక్కసారే వాడండి, మీడియా రోజూ మార్చండి. రెటినోయిక్ యాసిడ్ వెలుగుకు పాడవుతుంది, చీకట్లో ఉంచాలి.

జవాబు 2: అంతకంటే ముందు, ఆ క్యూపీసీఆర్‌ను నమ్మకండి! అది సగటు మాత్రమే. రెండు రకాల కణాలు పక్కపక్కన ఉన్నాయా, ఒకే కేంద్రకంలో రెండూ ఉన్నాయా అన్నది ఇమ్యునోఫ్లోరసెన్స్‌లోనే (ప్రోటీన్లను మెరిసే రంగులతో చూసే పద్ధతి) తేలుతుంది. మారకుండా మిగిలిన ప్లూరిపొటెంట్ కణాల్లోనూ సాక్స్2 ఉంటుంది కాబట్టి ఆ కణాల గుర్తు అయిన ఆక్ట్4 కూడా చూడండి. పీడీఎక్స్1 అనే గుర్తు ఒక్కటే చూసి ఆంట్రం (జీర్ణాశయం చివరి భాగం) అనుకోవద్దు, డ్యుయోడినంలోనూ (చిన్నపేగు మొదటి భాగం) అది ఉంటుంది. సాక్స్2, పీడీఎక్స్1 ఉండి సీడీఎక్స్2 లేకపోతేనే ఆంట్రం. హెచ్ఎన్ఎఫ్4ఏ అనే గుర్తు జీర్ణాశయం, పేగు రెండు చోట్లా ఉంటుంది, ఇక్కడ పనికిరాదు.

ప్రశ్న వేసినవారు: సీడీఎక్స్2 జన్యువునే తీసేస్తే సరిపోదా?

జవాబు 3: సరిపోదు. అది ఎప్పుడు పోయిందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఎలుక పిండంలో తొలిదశలోనే తీసేస్తే పేగు చివరి భాగం అన్నవాహికలాంటి పొరలు పొరల కణజాలమైంది. ఎదిగిన పేగు మూలకణాల్లో తీసేస్తే, వాటి నుంచి పెరిగిన ఆర్గనాయిడ్లు పైలోరిక్ గ్రంథుల (జీర్ణాశయం చివర ఉండేవి) పోలికకు వచ్చాయి, ఫండస్ (జీర్ణాశయం పైభాగం) పోలికకు రాలేదు. ఎదురు దిశ మాత్రం సులువు: ఎలుక జీర్ణాశయంలో సీడీఎక్స్2ను బలవంతంగా నడిపితే పేగులో ఉండే, జిగురు స్రవించే గాబ్లెట్ కణాలు పుట్టుకొచ్చాయి. మనుషుల్లో ఇంటెస్టైనల్ మెటాప్లేసియా (జీర్ణాశయపు పొర పేగు పొరలా మారడం) కనిపించే చోటా సీడీఎక్స్2 ఉంటుంది.

పిండంలోనైతే డబ్ల్యూఎన్‌టీని చుట్టూ ఉన్న మీసెన్‌కైమ్ (పిండంలోని ఆధార కణజాలం) తగ్గిస్తుంది: అక్కడి బార్ఎక్స్1 అనే జన్యువు, డబ్ల్యూఎన్‌టీని అడ్డుకునే ఎస్ఎఫ్ఆర్‌పీ ప్రోటీన్లను స్రవింపజేసి ఆ పని చేయిస్తుంది. మీ డిష్‌లో ఆ కాపలా లేదు. నాగిన్ సరిచూశాక కూడా సీడీఎక్స్2 తగ్గకపోతే చిర్‌ను 1, 1.5, 2 మైక్రోమోలార్‌లలో పక్కపక్కన పెట్టి పోల్చండి. మరీ తగ్గిస్తే స్ఫెరాయిడ్లే (ఆర్గనాయిడ్లుగా ఎదిగే కణాల గుండ్రటి ముద్దలు) తేలవు, అందుకే వాటి సంఖ్య కూడా లెక్కపెట్టండి.