పెద్ద బొంత: పట్టీలుగా కుట్టి కలపాలా, మొత్తం పరిచి ఒకేసారి కుట్టాలా?

కర్నూలు కోడలు:
2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన బొంత మా ఇంట్లో ఇంకా సగంలోనే ఉంది. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు మంచానికి సరిపోవాలని ఆరంగుళాల ముక్కలు అడ్డంగా 12, నిలువుగా 13 లెక్కేసుకున్నాను, మొత్తం 156. కుట్టులోకి పోతుందని చుట్టూ పావంగుళం ఎక్కువ పెట్టి ఆరున్నరకు కత్తిరించాను. అన్నీ మా అమ్మ నూలు చీరలు, పిల్లల చిన్నప్పటి గౌన్లు, మా ఆయన పాత చొక్కాలు. ఏడు వరుసలు కలిపేశాను, అక్కడి నుంచి కదలడం లేదు. పైగుడ్డ పెద్దదయ్యే కొద్దీ మిషన్ మీద నుంచి జారి నేలకు లాగేస్తోంది, అస్తరు కూడా వేస్తే ఇంక నా వల్ల కాదు. అందుకే దీన్ని నాలుగు నిలువు పట్టీలు చేసి, ఒక్కోదానికి మధ్యలో పాత దుప్పటి, అడుగున చీర వేసి కుట్టేసి, చివర్లో నాలుగూ కలుపుదామని అనుకుంటున్నాను. మా అత్త ఒప్పుకోవడం లేదు, అతుకులు వీపుకు తగులుతాయి, అది బొంత ఎట్లా అవుతుంది అంటుంది. మీరేమంటారు?

ఆదోని ఆడపడుచు:
మీ అత్త మాటే నిజం అక్కా. నేను ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల మధ్య పెరిగినదాన్ని, అయినా మా ఇంట్లో బొంతలోకి దూది పెట్టింది లేదు. దూది పరుపుకు, బొంతకు చీరలే, ఎందుకంటే ఉతికితే దూది ఉండలు కట్టి ఒక మూలకు పోతుంది. మా అమ్మ మిద్దె మీద అన్నీ పరిచి, గాలికి లేవకుండా మూలల్లో రాళ్ళు పెట్టి, జానెడుకొకటి పొడుగు టాకాలు వేసేది. ఆ తర్వాత దాన్ని మడిచి ఎక్కడికి తీసుకుపోయినా ఏమీ కాదు. చేత్తో కుట్టేటప్పుడు ఒళ్ళో ఉన్న మూరెడు మేరే మన పని, మిగతా బరువంతా నేల మోస్తుంది. మీ కష్టమంతా మిషన్‌తో వచ్చింది, బొంతతో కాదు.

అనంతపురం టైలర్:
ఆదోని అక్క చెప్పేది చేతి కుట్టుకు కరెక్టే, కానీ ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ ఆరడుగుల బొంత చేత్తో ఎన్నాళ్ళు కుడతారు? ఇంట్లో వాడే మిషన్‌కు సూదికీ స్తంభానికీ మధ్య ఉండేది జానెడు సందు. నడిమి కుట్టు వేయాలంటే సగం బొంతను చుట్ట చుట్టి ఆ సందులో దూర్చాలి, అక్కడే ముడతలు పడతాయి. పద్దెనిమిది అంగుళాల పట్టీ అయితే హాయిగా పోతుంది. ఒక్క మాట మాత్రం, నిలువుగా చేయొద్దు. ఏడు వరుసలు కలిపేశానన్నారు కదా, నిలువుగా విడదీస్తే వరుసకు మూడు లెక్కన 21 చోట్ల విప్పుకోవాలి, అదే అడ్డంగా మూడేసి వరుసల పట్టీలు చేస్తే రెండు పొడుగు కుట్లు విప్పితే చాలు, చివరి పట్టీ ఒక్కటే నాలుగు వరుసలది అవుతుంది.

అతుకు సంగతికొస్తే, పట్టీ అంచుకు అంగుళం ముందే కుట్టు ఆపేయండి. కలిపేటప్పుడు పైగుడ్డలు రెండూ మిషన్ మీద కలిపి, లోపలి దుప్పటి అంచులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా ఆనేటట్టు కత్తిరించి, అడుగు చీర ఒక వైపుది మడిచి రెండోదాని మీద చేత్తో కుట్టేయండి. అప్పుడు చేత్తో తడిమినా అతుకు తెలియదు. మందం ఎక్కువ కాబట్టి 16 నంబరు సూది వేయండి, ఇంకా విరుగుతుంటే 18.

కడప మిద్దె ఇల్లు:
నేను రెండు రకాలుగానూ కుట్టాను, నా ఓటు పట్టీలకే. అయితే మిగిలిన ఆరు వరుసలు అయితేనే కదా పట్టీల మాట? 72 ముక్కలు ఒక సంచిలో వేసుకుంటే కుట్టేది తక్కువ, వెతుక్కునేది ఎక్కువ అవుతుంది. ఏ వరుసకా వరుస 12 ముక్కలూ వరసగా పేర్చి, దారానికి గుచ్చి, కాగితం మీద నంబరు రాసి పెట్టుకోండి. వారానికి ఒక వరుస, ఆరు వారాల్లో అయిపోతుంది. కొత్త ముక్క ఎంత ముచ్చటగా ఉన్నా ఇందులోకి తేవద్దు. ధర్మవరం పట్టు జాకెట్ ముక్కలు ఎవరైనా ఇచ్చినా వద్దు, నూలుతో కలిపి ఉతికితే పట్టు పాడవుతుంది, జరీ పోగులు లేస్తాయి. ఎర్ర గుడ్డ ఉంటే ముందే నీళ్ళలో నానబెట్టి చూడండి, నా మొదటి బొంత ఒకే ఉతుకుకు గులాబీ రంగైపోయింది, అందులో మా నాయన పంచె ఉంది.

కర్నూలు కోడలు:
అనంతపురం అన్నా, నిన్న రాత్రి ఆ రెండు కుట్లూ విప్పాను. మా ఇంట్లో బేతంచెర్ల బండలు కాబట్టి బండల సందు గీత వెంబడి అంచు పెట్టి మూడు వరుసల పట్టీ పరిచాను, ఒక కొన వేలెడు వంకర పోయిందని అప్పుడు తెలిసింది, మొత్తం కుట్టేసి ఉంటే మంచం మీద వేసినప్పుడే చూసేదాన్ని. మా అత్త వచ్చి ఆ గీత పక్కనే కూర్చుని, అడుగున చేతి కుట్టు నాకు వదిలేయి, మిషన్ పని నువ్వు చూసుకో అంది. ఎర్ర గౌను ముక్కలు రెండు బకెట్‌లో నానుతున్నాయి.

ఆదోని ఆడపడుచు:
మంచిది అక్కా. నేను మాత్రం ఇప్పటికీ మొత్తం పరిచే కుట్టమంటాను. రెండు ఉతుకులయ్యాక ఆ అతుకు మీద మీ అత్తనే పడుకోబెట్టి, ఏమందో ఇక్కడ రాయండి.